నాన్న జమాఖర్చుల పుస్తకాలు కాటాకు వేయాలా, ఉంచాలా? (అసలు ప్రశ్న వేరే ఉంది)

రాత్రి డ్యూటీ | ఆదివారం, రాత్రి 1:10

నాన్న పోయి రేపటికి మూడు నెలలు. అమ్మను హైదరాబాద్‌లో నా దగ్గరికి తెచ్చుకుందామని గుంటూరులో ఇల్లు ఖాళీ చేస్తున్నాను. బీరువా మీద అట్టపెట్టెలో 36 పుస్తకాలు దొరికాయి. ఏడాదికి ఒకటి, 1989 నుంచి 2024 దాకా. ఆయన మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తా. పగలంతా షావుకారు లెక్కలు రాసి, ఇంటికొచ్చి రాత్రి మా లెక్కలు రాసేవాడు. పాలు, కూరలు, చెల్లి ఫీజు, సైకిల్ పంక్చరు, తాతయ్య తద్దినం. ఒక్క రోజు కూడా మానలేదు. చివరి పేజీలో ఆస్పత్రికి వెళ్లిన రోజు: ఆటో 120, మందులు 640, కొబ్బరిబోండం 50. ఆ తర్వాత తెల్ల కాగితాలు.

నిన్న పాత పేపర్ల అతను వచ్చి తూచాడు. 11 కిలోలు, కిలో 12. అంటే 132 రూపాయలు. ఒక మనిషి 36 ఏళ్ల రాత్రుళ్లకు కాటా మీద తేలిన ధర అది. రేపు రమ్మని పంపేశాను.

అప్పటి నుంచి బుర్ర పనిచేయడం లేదు. నా ఉద్యోగం ఏంటంటే, అమెరికాలో ఎవరిదో సర్వర్ పడిపోతే టికెట్ వస్తుంది, లేపుతాను, టికెట్ మూసేస్తాను. తెల్లారేలోపు అదే సర్వర్ మళ్లీ పడిపోతుంది. పన్నెండేళ్లుగా ఇదే. నాన్నవి కనీసం 11 కిలోలు తూగాయి. నావి తూచడానికి కూడా ఏమీ ఉండదు, ఒక డిలీట్ బటన్ చాలు.

ఇదంతా దేనికి? నిజంగానే అడుగుతున్నాను. మోక్షం, పునర్జన్మ మాత్రం చెప్పకండి ప్లీజ్. గరుడ పురాణం రోజూ కూర్చుని విన్నాను.

పెసరట్టు ఉప్మా | 1:22

132కి ఇవ్వకండి బ్రదర్, మా ఏరియాలో కిలో 15 నడుస్తోంది.

(సారీ. నాన్నగారి సంగతి చదివాక ఏం రాయాలో తెలియక ఇలా రాసేశాను. తీసేయమంటే తీసేస్తా.)

రాత్రి డ్యూటీ | 1:25

ఉంచండి. మూడు నెలల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

నిర్వాహకులు | ఉదయం 7:05

రాత్రి డ్యూటీ గారూ, అడక్కుండా ఉండలేను కాబట్టి అడుగుతున్నాను. బతకాలని లేదు అనే ఆలోచన ఏమైనా వస్తోందా? వస్తుంటే ఈ చర్చ పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

రాత్రి డ్యూటీ | 8:40

అడిగినందుకు థ్యాంక్స్. అలాంటిదేం లేదండీ. తింటున్నాను, పడుకుంటున్నాను. కాకపోతే పళ్లు తోముకుంటూ ఉండగా చెయ్యి ఆగిపోతోంది. రేపు మళ్లీ తోమాలి కదా, మరి ఎందుకు అని.

తెల్లకోటు | 9:15

నేను మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను. నాకు ఈ తేడా ముఖ్యం: అర్థం లేదనిపించడం ఒకటి, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఇంకొకటి. మొదటిది ఆలోచన, రాత్రంతా వాదించుకోవచ్చు. రెండోది రెండు వారాలకు మించి పట్టుకుని వదలకపోతే వాదన పెట్టుకోవద్దు, డాక్టర్‌ను కలవండి. డిప్రెషన్‌ను తత్వం అనుకుని ఏళ్ల తరబడి మోసేవాళ్లను చూస్తుంటాను. మీరు మొదటి గట్టునే ఉన్నట్టున్నారు. ఇక మిగతావాళ్లు కానివ్వండి.

గీతాభ్యాసి | 9:50

నాయనా, మోక్షం గురించి చెప్పను. గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం ఒక్కటి గుర్తుచేస్తాను. కర్మణ్యేవాధికారస్తే. పని మీదే అధికారం, ఫలం మీద లేదు. మీ నాన్నగారు ఎవరో చదువుతారని రాయలేదు, దాచి అమ్ముకుందామనీ రాయలేదు. రాయవలసింది కాబట్టి రాశారు. 132 అనేది ఫలం. దాన్ని పట్టుకుని మీరు బాధపడుతున్నారు. ఆయన పడలేదు.

లైబ్రరీ కార్డు | 11:30

గీతాభ్యాసి గారి మాట బాగుంది. నేను ఇంకో దారిలో వస్తాను, కాస్త పొడుగవుతుంది.

పళ్లు తోముకుంటుంటే చెయ్యి ఆగిపోతోంది అన్నారు చూడండి, ఫ్రెంచ్ రచయిత ఆల్బర్ట్ కామూ సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెడతాడు. లేవడం, ట్రాము, ఆఫీసు, తిండి, నిద్ర, సోమ మంగళ బుధ... ఒకరోజు ‘ఎందుకు’ అనే ప్రశ్న లేస్తుంది. 1942లో, ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, గ్రీకు పురాణాల్లోని సిసిఫస్ మీద ఆయన పుస్తకం వచ్చింది. అప్పటికి ముప్పై కూడా లేవు. పదిహేడో ఏట క్షయ వచ్చింది, గోల్‌కీపర్‌గా ఆడే కుర్రాడికి ఆట పోయింది. చావు గురించి ఊహించి రాసిన మనిషి కాదు.

కథ తెలిసిందే. సిసిఫస్ మృత్యువునే మోసం చేశాడు. శిక్షగా దేవుళ్లు ఒక బండ ఇచ్చారు. కొండ మీదికి దొర్లించాలి, పైకి చేరగానే అది కిందికి పడిపోతుంది, మళ్లీ దొర్లించాలి, ఎప్పటికీ. అందరం బండ తోసేటప్పటి మనిషినే ఊహించుకుంటాం. కామూ మాత్రం అతను ఖాళీ చేతులతో కొండ దిగివచ్చే సమయాన్ని పట్టుకున్నాడు. అప్పుడు అతనికి తన పరిస్థితి పూర్తిగా తెలుసు. తెలిసి కూడా దిగుతున్నాడు. అక్కడ అతను బండ కన్నా గట్టివాడు అంటాడు. సిసిఫస్ సుఖంగా ఉన్నాడనే ఊహించుకోవాలి అని ముగిస్తాడు.

ఇక కాటా సంగతి. అమెరికా తత్వవేత్త థామస్ నేగెల్ 1971లో ఒక వ్యాసం రాశాడు. పది లక్షల ఏళ్ల తర్వాత మనం ఇప్పుడు చేసేదేదీ లెక్కలోకి రాదు అంటుంటాం కదా. సరే, అదే నిజమైతే, పది లక్షల ఏళ్ల తర్వాతి సంగతేదీ ఇప్పుడు లెక్కలోకి రాకూడదు. అంటే అప్పటికి మనం లెక్కలోకి రామన్న సంగతి కూడా ఇవాళ మనకు పట్టనక్కర్లేదు! నాకు ఇది మొదట మాటల గారడీ అనిపించింది. తర్వాత మా అమ్మాయి జడ వేస్తూ ఆలోచిస్తే గారడీ కాదనిపించింది. సాయంత్రానికి ఊడిపోతుందని పొద్దున జడ వంకరగా వేయను.

బండి మీద | మధ్యాహ్నం 3:18

నేను ఫుడ్ డెలివరీ చేస్తాను సార్. ఇప్పుడు ఒక హోటల్ బయట వెయిటింగ్, అందుకే చదివాను.

సిసిఫస్ సుఖంగా ఉన్నాడని ఊహించుకోవాలి అన్నారు. ఎవరు ఊహించుకోవాలి? కొండ కింద కుర్చీ వేసుకుని చూసేవాడు. బండ తోసేవాడిని ఎవరైనా అడిగారా? నేను వెళ్లే ఒక అపార్ట్‌మెంట్‌లో డెలివరీ వాళ్లు లిఫ్ట్ ఎక్కకూడదని బోర్డు ఉంది. నాలుగో అంతస్తుకు బిర్యానీ పట్టుకుని ఎక్కుతాను. దిగేటప్పుడు నాకు ఏ గొప్ప ఆలోచనా రాదు, నెక్స్ట్ ఆర్డర్ మోగుతుంటుంది. పనిలో ఆనందం వెతుక్కో అనేది మేనేజర్లకు బాగా నచ్చే తత్వం సార్. ఏమీ అనుకోవద్దు.

లైబ్రరీ కార్డు | 4:02

అనుకోవడానికేం లేదు, సూటిగా తగిలింది. ఆయన తరఫున ఒక్కటి చెప్పుకోనివ్వండి. కామూ కుర్చీ వేసుకున్న ఇంటి నుంచి రాలేదు. అల్జీరియాలో పుట్టాడు. ఏడాది నిండకముందే తండ్రి 1914 యుద్ధంలో పోయాడు. తల్లికి సరిగ్గా వినపడదు, చదువు రాదు, ఇళ్లలో పాచిపని చేసి పెంచింది. 1957లో నోబెల్ వచ్చినప్పుడు, అమ్మ తర్వాత నాకు మొదట గుర్తొచ్చింది మీరే అని ఎలిమెంటరీ స్కూలు మాస్టారికి ఉత్తరం రాశాడు.

అయినా మీ లిఫ్ట్ ప్రశ్నకు ఆయన పుస్తకంలో జవాబు లేదు. అది దేవుళ్లు పెట్టిన కొండ కాదు, అసోసియేషన్ పెట్టిన బోర్డు. దాన్ని తీయించాలి, అంతే.

బండి మీద | 4:05

అది ఒప్పుకున్నారు, చాలు. ఆ మెట్లు 72 సార్. ఎప్పుడూ లెక్కపెడతాను. మారవని తెలుసు, అయినా.

పెసరట్టు ఉప్మా | 4:11

రాత్రి డ్యూటీ బ్రదర్, మీ నాన్నగారికి ఇక్కడ శిష్యుడు దొరికాడు.

గీతాభ్యాసి | రాత్రి 8:30

ఆ అబ్బాయి కష్టం చదివి మనసు కలుక్కుమంది. కానీ ఒకటి చెప్పాలి. ఈ విదేశీ పండితులు లోకంలో అర్థం లేదు అని మొదలుపెట్టడమే పొరపాటు. కారణం లేకుండా ఏదీ జరగదు. మనకు ఇప్పుడు కనపడకపోవచ్చు, పూర్వజన్మలో ఉంటుంది. అది నమ్మితే ఈ టెన్షన్లు ఉండవు.

నాగాయలంక ఆడపడుచు | రాత్రి 10:47

ఇన్ని రోజులూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈ మాటకు రాయాలనిపించింది. పెద్దవారు, కోప్పడకండి బాబాయ్ గారూ.

మా అమ్మమ్మది సొర్లగొంది పక్క. 1977 నవంబర్ 19, శనివారం, దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కలోనే దాదాపు 10,000 మంది. తాటిచెట్టంత నీళ్లు వచ్చాయని ఊళ్లో ఇప్పటికీ అంటారు. అమ్మమ్మ తుమ్మచెట్టు పట్టుకుని రాత్రంతా ఉంది. ముళ్లు దిగిన మచ్చలు రెండు చేతుల మీదా చివరిదాకా ఉండేవి. మా అమ్మ ఆ వారం అవనిగడ్డలో వాళ్ల పిన్ని ఇంట్లో ఉంది కాబట్టి బతికింది. ఇద్దరు మేనమామలు, ఒకడికి ఆరేళ్లు, ఒకడికి మూడు. దొరకలేదు. దొరకలేదు అంటే పోయారనే, కానీ అమ్మమ్మ ఎప్పుడూ ‘దొరకలేదు’ అనేది.

నెల తర్వాత ఎవరో పెద్దాయన పలకరించడానికి వచ్చి, ఇదంతా పూర్వజన్మ కర్మ తల్లీ అన్నాడట. అమ్మమ్మ చీపురు తీసిందట. మూడేళ్లవాడు ఏ జన్మలో ఏం చేశాడో చెప్పి అప్పుడు కూర్చోమందట. ఈ సంగతి మా ఇంట్లో నవ్వుతూ చెప్పుకుంటారు, నేను మాత్రం నవ్వలేను.

ఇంకో సంగతి. అమ్మమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన ఇత్తడి బిందె మూడు మైళ్ల అవతల ఎవరి పొలంలోనో బురదలో దొరికింది. అంచు మీద పేరు చెక్కి ఉంది కదా, ఆ పొలం వాళ్లు అడుగుతూ అడుగుతూ తెచ్చి ఇచ్చారు. ఒక పక్క సొట్ట. ఆమె చాలాసేపు దాన్ని ముట్టుకోలేదట. పిల్లలు రాలేదు, బిందె వచ్చింది. దీనికి కారణం ఎవరు చెప్తారు? తర్వాత చింతపండు పెట్టి తోమి, నీళ్లు తెచ్చింది. ఎందుకంటే ఇంట్లో నీళ్లు లేవు.

పొలంలో ఉప్పు పేరుకుపోయింది. కాలవ నీళ్లు పెట్టడం, వదలడం, పెట్టడం, వదలడం. తాతయ్య అదే పని. ఆ బిందె సొట్ట తీయిస్తానని మా నాన్న ఎన్నిసార్లు అన్నా ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పైకి తిప్పి పెడితే నిలబడదు, కొంచెం ఒరుగుతుంది.

రాత్రి డ్యూటీ గారికి నేను చెప్పగలిగిందేమీ లేదు. అంతా రాశాక అదే తోచింది.

గీతాభ్యాసి | రాత్రి 11:20

అమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా నమ్మకం నాకు ఉంటుంది. కానీ అది నా గదిలో నేను చెప్పుకోవలసింది, ఒకరి గుమ్మంలో నిలబడి చెప్పవలసింది కాదు.

పాత చందమామ | సోమవారం, ఉదయం 6:30

రాత్రి నిద్రపట్టలేదు, అందరివీ రెండుసార్లు చదివాను. గ్రీకుల బండ దాకా ఎందుకండీ, మన భుజం మీదే శవం ఉంది కదా.

పట్టువదలని విక్రమార్కుడు. చందమామ చదివిన ఎవరికైనా శంకర్ గారి బొమ్మ కళ్లముందు ఉంటుంది: చేతిలో కత్తి, భుజం మీద శవం, చుట్టూ శ్మశానం. చెట్టు నుంచి శవాన్ని దించుతాడు, మోస్తాడు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుంది. చెప్తే మౌనభంగం, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇక సిసిఫస్ ఏం తక్కువ తిన్నాడు? మూలంలో 25 కథలే. పత్రికలో కొత్తవి రాయిస్తూ పోయారు, వందలు దాటాయి. ఎన్నో దశాబ్దాలు ఆ రాజు నడుస్తూనే ఉన్నాడు.

మూలం అంటే పదకొండో శతాబ్దంలో కాశ్మీరు సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరం. అందులో ఈ రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు ప్రతిష్ఠానం, మన గోదావరి ఒడ్డే, కాకపోతే మహారాష్ట్ర వైపు. ఇతనికి శిక్ష ఎవరూ వేయలేదు. ఒక భిక్షువుకు మాట ఇచ్చాడు, అందుకు మోస్తున్నాడు. సిసిఫస్‌కూ ఇతనికీ అదొక పెద్ద తేడా.

కానీ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు. ఈ మోత ఎలా ముగుస్తుందో గుర్తుందా? ఒక తండ్రి, కొడుకు కలిసి ఒక తల్లిని, కూతుర్ని పెళ్లాడతారు. తండ్రికి కూతురు, కొడుక్కి తల్లి. వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజుకు తెలియలేదు. ఎంత ఆలోచించినా తేలలేదు. మాట్లాడకుండా నడుస్తూ పోయాడు. అంతే, శవం భుజం మీద నిలిచింది, బేతాళుడు మెచ్చుకున్నాడు, ఆ భిక్షువు కుట్ర కూడా చెప్పి రాజు ప్రాణం కాపాడాడు.

అన్ని జవాబులు తెలిసినంతసేపూ వెనక్కి వెళ్తూనే ఉన్నాడు. తెలియని ఒక్కదాని దగ్గర ముందుకు వెళ్లగలిగాడు. చిన్నప్పుడు ఇది చప్పగా ముగిసింది అనిపించేది, తెలివైన రాజు ఓడిపోయాడని. ఇప్పుడు 61 ఏళ్లు నాకు.

లైబ్రరీ కార్డు | 7:15

ఇన్నేళ్లు కామూ చదివాను, ఇది తట్టలేదు. దండం.

పెసరట్టు ఉప్మా | 9:00

ఇంతకీ ఆ పిల్లలు ఏమవుతారు? పొద్దున్నుంచి కాగితం మీద బాణాలు గీస్తున్నాను. మా ఆవిడ ఎవరి సంబంధం చూస్తున్నారు అని అడిగింది.

రాత్రి డ్యూటీ | బుధవారం, రాత్రి 12:35

రెండు రోజులు రాయలేదు, క్షమించండి. పుస్తకాలు చదువుతూ కూర్చున్నాను. అన్నీ కాదు, నెలాఖరు పేజీలు.

ప్రతి నెల చివరా జమ, ఖర్చు, నిల్వ వేసి గీత గీసేవాడు. గీత కింద ఇంకో మాట, చిన్న అక్షరాల్లో: ‘తేలనిది’. పుస్తకం ప్రకారం ఉండాల్సిన డబ్బుకీ జేబులో ఉన్న డబ్బుకీ తేడా అన్నమాట. తేలనిది 1-75. తేలనిది 4-00. ఒకసారి 11-50. మర్నాడు ఒకటో తారీఖు, చేతిలో ఎంత ఉంటే అంతతో కొత్త పేజీ. కొట్టులో లెక్క తేడా వస్తే షావుకారు జీతంలోంచి కోసేవాడట. అలాంటి మనిషి ఇంట్లో 36 ఏళ్లు ‘తేలనిది’ అని రాసి, గీత గీసి, పడుకున్నాడు.

పాత చందమామ గారి పోస్టు చదివిన రాత్రే ఇది కనపడింది. ఒళ్లు జలదరించింది. నాన్నకు ఏదో తెలుసు, జీవితంలో తేలనిది ఉంటుందని, దాన్ని ఒక గడిలో వేసి ముందుకు పోవాలని. అలా పెద్ద తత్వమే అల్లుకున్నాను. ఇక్కడ పెడదామని సగం రాశాను కూడా.

పొద్దున అమ్మను అడిగాను, ఈ తేలనిది ఏంటమ్మా అని. తోటకూర కోస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది. “నేనే తీసేదాన్ని. పోపుల డబ్బా అడుగున వేసేదాన్ని. నీ ఇంజినీరింగ్ సీటుకు తక్కువైతే ఇచ్చింది అవే కదా.”

నాన్నకు తెలియదా అన్నాను. “గుమాస్తాకు తెలియదా?” అంది.

అప్పుడు మళ్లీ పుస్తకాలు తీశాను. 2009లో రెండు నెలలు మాత్రం తేలనిది 0-00. ఆ రెండు నెలలు అమ్మ ఆపరేషన్ అయి పెద్దమ్మ ఇంట్లో ఉంది. తర్వాతి నెల 6-00.

పాత చందమామ | 12:41

అయ్యో, బేతాళుడు మీ వంటింట్లోనే ఉన్నాడా!

లైబ్రరీ కార్డు | 12:44

అయితే అది తేలనిది కాదు. తేల్చనిది.

నాగాయలంక ఆడపడుచు | 12:50

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

బండి మీద | 12:58

లాస్ట్ ఆర్డర్ అయిపోయింది. ఇది చదివి ఇంటికి ఫోన్ చేశాను. ఈ టైంలో ఏంట్రా అని తిట్టారు.

పెసరట్టు ఉప్మా | 1:03

బ్రదర్, ఒక చిన్న పని. నాకూ మా ఆవిడకూ పందెం నడుస్తోంది. 1999లో గ్యాస్ బండ ఎంత ఉండేదో నాన్నగారి పుస్తకంలో చూసి చెప్తారా?

రాత్రి డ్యూటీ | 1:06

రేపు చెప్తాను. పెట్టె అమ్మ మంచం కింద ఉంది, ఇప్పుడు లాగితే లేస్తుంది.